పద్నాలుగు చుట్లు

మేం ముగ్గురం ఒకప్పుడు ఒకే హాస్టలు గదిలో ఉండేవాళ్ళం. అక్కడ పెట్టుకున్న పేర్లే ఇప్పటికీ మా మధ్య చెల్లుతున్నాయి. నేను రేడియో. నోరు మూసుకుని కూర్చుంటే నాకు జ్వరం వస్తుందని మిగతా ఇద్దరి నమ్మకం. రెండోది లిస్టు. లైబ్రరీలో పనిచేస్తుంది, స్నానానికి వెళ్ళేముందు కూడా ఏమేం పట్టుకెళ్ళాలో కాగితం మీద రాసుకునే మనిషి. మూడోది కుళాయి. ఆ హాస్టల్లో నీళ్ళు ఎప్పుడొస్తాయో వార్డెనుకే తెలిసేది కాదు, దీనికి మాత్రం తెలిసేది. పొద్దున్నే లేచి పైపు వెళ్ళే గోడకి చెవి ఆనించి, "పది నిమిషాల్లో వస్తాయి, బకెట్లు పెట్టండే" అనేది. సరిగ్గా పది నిమిషాలకి వచ్చేవి.

అది దాని ఇంటి విద్య. వాళ్ళ నాన్న నీళ్ళ సరఫరా ఆఫీసులో వాల్వుమనిషి. రోడ్డు కింద పైపులకుండే వాల్వులు ఒక్కొక్కటీ తిప్పి, వీధుల వారీగా నీళ్ళు వదలడం ఆయన పని. మోకాళ్ళు అరిగిపోయి ఆయన మానుకుంటే ఆ లైను కూతురికిచ్చారు. అది హాస్టలు ఖాళీ చేసి ఊరెళ్ళిపోయింది. ఏడాదిన్నరగా టెంపరరీ మీదే ఉంది.

నేనూ లిస్టూ ఏడాదికోసారి వీపుకి సంచులు తగిలించుకుని ఏదో ఒక ఊరి మీద పడతాం. ఈసారి కుళాయి వాళ్ళ ఊరు అనుకున్నాం. ఫోన్ చేస్తే ఎగిరి గంతేసింది.

"రండే, రండి. కానీ నాకు సెలవు లేదు. టెంపరరీ వాళ్ళకి సెలవడిగే మొహం ఉండదు. నాతోపాటు లైను తిరగండి, ఊరంతా చూసినట్టే."

"పర్మనెంటు ఎప్పుడు చేస్తారే మరి?" అన్నాను.

"వచ్చే నెల ఒకటో తారీఖు. ఆరు నెలలపాటు నా లైన్లో నీళ్ళు రాలేదని ఒక్క ఫిర్యాదు కూడా ఉండకూడదు, అదీ షరతు. ఐదు నెలల ఇరవై రోజులు గడిచాయి. ఇంకో పది రోజులు ఊపిరి బిగబట్టుకుని ఉంటే చాలు. పర్మనెంటు అయితే ఏడాదికి పదిహేను రోజులు సెలవు. అప్పుడు నేనూ మీతో వస్తాను."

పుట్టాక అది ఊరు దాటి ఉన్నది ఒక్క హాస్టలు ఏడాదే. ఆ పదిహేను రోజుల కోసం ఎంత ఎదురుచూస్తోందో దాని గొంతులోనే తెలిసింది.

వాళ్ళిల్లు ఒక సైకిలు రిపేరు షాపు మీద రెండు గదులు. వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మేం వెళ్ళేసరికి వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చుని, కాళ్ళు ఎదురుగా ఉన్న స్టూలు మీద చాపుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని ఉల్లిపాయలు కోస్తున్నాడు. నేను "బాగున్నారా బాబాయిగారూ" అనగానే, "నువ్వు రేడియోవి కదమ్మా, మా అమ్మాయి ఫోన్ చెవికి రెండడుగుల దూరంలో పెట్టుకున్నా నీ గొంతు నాకు వినపడేది" అన్నాడు. మొదటి మాటకే నా పరువు తీశాడు గానీ, మనిషి నాకు నచ్చాడు.

భోజనాల దగ్గర ఆయన మాకు ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"దానితో తిరగండి, కబుర్లు చెప్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం దాన్ని పలకరించకండి. కొంప మునిగిపోతున్నా సరే, లెక్కయ్యాక చెప్పండి."

ఆయన నన్ను చూసే చెప్పాడని లిస్టు తర్వాత చాలాసార్లు గుర్తుచేసింది.

మర్నాడు ఐదున్నరకి బయల్దేరాం. కుళాయి భుజం మీద నాలుగడుగుల ఇనపకడ్డీ ఉంది. పైన అడ్డంగా పిడి, కింద చదరపు గూడు. దాన్ని వాళ్ళు తాళం అంటారు. రోడ్డు మీద ఇనపమూత తీసి, తాళం లోపలికి దించి, వాల్వు తలకి తగిలించి, పిడి రెండు చేతులతో పట్టుకుని గానుగ తిప్పినట్టు చుట్టూ తిరగాలి. ఒక్కో వాల్వుకి ఒక్కో లెక్క. కొన్నిటికి పది చుట్లు, కొన్నిటికి ఇరవై రెండు. ఆ లెక్కలేవీ ఎక్కడా రాసి లేవు, అన్నీ దాని తలలోనే ఉన్నాయి. తిప్పడం అయ్యాక పిడికి చెవి ఆనించి లోపల నీళ్ళు పరుగెడుతున్నాయో లేదో వింటుంది.

లిస్టు దగ్గర ఊళ్ళో చూడాల్సిన పదకొండు చోట్ల పేర్లున్న కాగితం ఉంది. మూడోది గడియారస్తంభం. అక్కడికి వెళ్ళగానే కుళాయి, "దీని కింద పద్దెనిమిదంగుళాల పైపుంది, ఊళ్ళో అంత పాతది ఇంకోటి లేదు" అని గర్వంగా చెప్పింది.

"పైన గడియారం సంగతి ఏంటే?" అంది లిస్టు, కాగితం పట్టుకుని.

కుళాయి తలెత్తి చూసింది. "అరె, ఆగిపోయిందే! ఎప్పట్నించి?"

టీ కొట్టాయన పకపకా నవ్వాడు. అది ఆగి నాలుగేళ్ళయిందట. మా కుళాయి రోజూ దాని కిందే నిలబడుతుంది, తల మాత్రం ఎత్తదు.

మ్యూజియం వెనకగోడ చూశాం, ఎందుకంటే వాల్వు వెనక ఉంది. సినిమాహాలు పక్కసందు చూశాం. సెలూన్ ఆయన మమ్మల్ని చూడగానే, గడ్డానికి సబ్బు పూసుకుని ఉన్న మనిషితో సహా కుర్చీని రెండడుగులు పక్కకి జరిపాడు. మూత ఆ కుర్చీ కిందే ఉంది. పండ్ల బండామె బండి కదపను పొమ్మంది. కుళాయి ఏమీ అనకుండా పక్కన నిలబడి చెప్పుల్లో ఇసక దులుపుకుంది. రెండు నిమిషాలకి ఆమే కదిపింది. "వాదిస్తే అరగంట పడుతుంది, ఊరుకుంటే రెండు నిమిషాలు" అంది కుళాయి. నాకు ఆ విద్య ఎన్ని జన్మలెత్తినా అబ్బదు.

ఏ ఊరికెళ్ళినా నేను ముందువైపే చూసేదాన్ని. మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని మనకోసం కూర్చున్నవైపు. ఇక్కడ ఊరు నిద్రమొహంతో, నోట్లో బ్రష్షుతో, బకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కుళాయిని చూడగానే ఆ మొహాలు విప్పారేవి. సినిమా తారకి కూడా అంత స్వాగతం దొరకదు. నాకు కొంచెం అసూయ వేసిందని కూడా చెప్పాలి. నేను రక్తపరీక్షల లాబులో పనిచేస్తాను, నన్ను చూసి మొహం విప్పారిన మనిషిని ఇంతవరకూ చూడలేదు.

లైన్లో ఆఖరిది మెట్లవీధి. పేరుకి తగ్గట్టే కింద ఒక వరస ఇళ్ళు, అరవై మెట్లెక్కితే పైన ఇంకో వరస. పైవరసలో ఇరవై ఆరిళ్ళు. రోజు విడిచి రోజు, పదకొండు నుంచి ఒంటిగంట దాకా నీళ్ళు. ఒంటిగంటకి మోటారు ఆపేస్తారు కాబట్టి ఆ వాల్వు మళ్ళీ కట్టే పని కూడా అప్పుడే ఉండదు. అది తెరిస్తే కుళాయికి సాయంత్రం ఐదు దాకా ఖాళీ.

"దీనికి పద్నాలుగు. పదో చుట్టు దగ్గర అలుగుతుంది, బిగుసుకుపోతుంది. అయిపోయిందనుకుని అక్కడ ఆగకూడదు. పది తిప్పితే కింది వరసకే వస్తాయి. పైకి ఎక్కాలంటే పద్నాలుగూ కావాలి" అని చెప్పి, గుక్క తిప్పుకోకుండా పద్నాలుగూ తిప్పింది. తర్వాత మెట్లెక్కి పైవరసలో పంపు పారేదాకా నిలబడింది.

పైవరసలో మొదటిల్లు ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్‌ది. భర్త మూడేళ్ళుగా మంచంలో ఉన్నాడు. రోజూ రెండుసార్లు పక్కబట్టలు ఉతకాలి. బాబాయిగారు మానుకున్నాక మధ్యలో ఎవరో మనిషి ఈ లైను మీద నాలుగు నెలలు పనిచేస్తే అతని మీద ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో ఆరు ఫిర్యాదులు రాసిందట. కుళాయి వచ్చాక ఒక్కటీ రాయలేదు. పంపు కింద చెయ్యిపెట్టి, "వచ్చాయమ్మా" అని చెప్పి పంపించింది మమ్మల్ని.

రెండో రోజు వేరే వీధులు. మధ్యాహ్నం కుళాయి నిద్రపోతే నేనూ లిస్టూ వెళ్ళి మ్యూజియం ముందువైపు చూసొచ్చాం. నిజం చెప్పాలంటే వెనకవైపే బాగుంది.

మూడో రోజు మళ్ళీ మెట్లవీధి వంతు. ఆ రోజు పని కాగానే పదకొండుంపావు బస్సెక్కి, ఊరికి నీళ్ళొచ్చే జలాశయానికి వెళ్దామని అనుకున్నాం. లిస్టు కాగితం మీద అది పదకొండోది. ఆ బస్సు తప్పితే తర్వాతది ఒంటిగంటకే.

నేను మూడు రోజులుగా ఆ తాళం ఒక్కసారి నా చేతికివ్వమని దాని ప్రాణం తీస్తున్నాను. "కుదరదే, బయటివాళ్ళు ముట్టుకోకూడదు" అంటూ వచ్చింది. ఆ రోజు ఆఖరి వాల్వు దగ్గర, మూత తీసి తాళం దించేసరికి పైనుంచి హెడ్మిస్ట్రెస్ పిలిచింది. "అమ్మాయ్, ఒక్కసారి వస్తావా? ఆయన్ని పక్కకి తిప్పాలి, నా ఒక్కదానివల్ల కావట్లేదు."

కుళాయి వాచీ చూసుకుంది. పైకి చూసింది. నన్ను చూసింది.

"సరే, తిప్పు. పద్నాలుగు. మాట్లాడకు" అని రెండేసి మెట్లెక్కుతూ వెళ్ళిపోయింది.

నేను పిడి పట్టుకున్నాను. లిస్టు ఫోన్ తీసి వీడియో పెట్టింది. ఎదురుగా కెమెరా ఉన్నాక నేను నోరు మూసుకోవడం సాధ్యమా? "ఒకటీ, రెండూ" అని పెద్దగా లెక్కపెడుతూ మొదలుపెట్టి, ఏడు దగ్గర ఆగి, కెమెరా వైపు తిరిగి, ఈ ఊరి దాహం తీరుస్తున్న మహాతల్లిని నేనేనని, నాకు చౌరస్తాలో విగ్రహం పెట్టించాలని ఏదో వాగాను. లిస్టు నవ్వింది. మళ్ళీ తిప్పాను. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. తాళం బిగుసుకుంది. అయిపోయిందని చేతులు దులుపుకున్నాను.

కింది వరసలో పంపు బుస్సుమని పారుతుండగా కుళాయి దిగివచ్చింది. పిడికి చెవి పెట్టింది. నీళ్ళు పరుగెడుతున్నాయి.

"పద్నాలుగూ తిప్పావా?"

"ఆ."

"పదో దాని దగ్గర అలిగిందా?"

మధ్యలో ఎక్కడా అలిగిన గుర్తు లేదు నాకు. అయినా, "అలిగింది. బుజ్జగించి తిప్పాను" అన్నాను. ఆ మాట ఎందుకన్నానంటే, పనితనం తెలిసినదాన్నని అనిపించుకోవడానికి. అంతకంటే పెద్ద కారణం లేదు. మామూలుగా అయితే అది పైకి వెళ్ళి పంపు చూసేది. బస్సుకి ఐదు నిమిషాలే ఉంది. మూత వేసి, తాళం కింది వరసలో తెలిసినవాళ్ళింట్లో పెట్టి, పరుగెత్తాం.

జలాశయం దగ్గర దిగేసరికి పన్నెండు. పొడుగాటి రాతికట్ట, మధ్యలో గేట్లు ఎత్తే గది, అవతల కనుచూపు మేరా నీళ్ళు. మనుషులెవరూ లేరు, గట్టున వేయించిన పల్లీలమ్మే ముసలాయన తప్ప. కుళాయి చెప్పులు విడిచి మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగింది. "ఇవే ఎల్లుండి మెట్లవీధికి వస్తాయి" అని నీళ్ళని అరచేత్తో తట్టింది. లిస్టు కూడా దిగింది. నేను లిస్టు ఫోన్ పట్టుకుని కట్ట మీద కూర్చున్నాను, నా వీడియో ఎలా వచ్చిందో చూసుకుందామని.

మొదటిసారి చూసినప్పుడు నా జుట్టు చూసుకున్నాను. రెండోసారి లెక్కపెట్టాను. ఏడు తిప్పాను, వాగాను, తర్వాత పన్నెండు అన్నాను. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు అన్నవి నా నోట్లోనూ లేవు, నా చేతుల్లోనూ లేవు. మొత్తం పది చుట్లు.

టైము పన్నెండుంపావు. ఒంటిగంట దాకా మోటారు నడుస్తుంది. ఆ మాట నాకు తెలుసు. కుళాయి ఒక్క ఫోన్ చేస్తే పక్కలైను మనిషి సైకిలు మీద పది నిమిషాల్లో వచ్చి మిగతా నాలుగూ తిప్పేవాడని అప్పుడు నాకు తెలియదు గానీ, అడిగితే తెలిసేది.

"రేడియో, సముద్రం చూశావా నువ్వు?" అని నీళ్ళలోంచి అరిచింది కుళాయి.

"చూశాగా, రెండుసార్లు."

"నీళ్ళ పని చేస్తూ సముద్రం చూడలేదంటే సిగ్గుచేటే. నా మొదటి సెలవు సముద్రానికే. ముగ్గురం. లిస్టూ, రాసుకోవే!"

దాని మొహం చూశాను. హాస్టల్లో కూడా దాన్ని అంత సంతోషంగా చూడలేదు. చెప్పేస్తే ఆ మొహం ఏమైపోతుందో ఊహించుకుని భయపడ్డాను. భయపడ్డది దానికోసమని ఆ రోజు అనుకున్నాను. కాదు, నాకోసమే. నన్ను చూసి అది ఏమనుకుంటుందోనని. పదికీ పద్నాలుక్కీ నాలుగే కదా తేడా, నీళ్ళకేం తెలుసు, నెమ్మదిగా ఎక్కుతాయిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తర్వాత వీడియో చెరిపేశాను.

వాళ్ళు గట్టెక్కి వచ్చారు. పల్లీలు కొనుక్కుని ముగ్గురం తిన్నాం. నేను మామూలు కంటే ఎక్కువే మాట్లాడాను.

ఒంటిగంటా పది నిమిషాలకి కుళాయి ఫోన్ మోగింది. హెడ్మిస్ట్రెస్. ఆమె మెల్లగా మాట్లాడుతోంది గానీ పక్కనే ఉన్నాను కాబట్టి వినపడింది.

"నీళ్ళు రాలేదమ్మా. నువ్వు వచ్చి వెళ్ళావు కదా, వస్తాయిలే అని ఇంతసేపూ చూశాను."

అది పెట్టేయగానే ఆఫీసు నుంచి ఇంకోటి. పైవరసలో ఎవరో ఫిర్యాదు రాయించారు. ఇరవై ఆరిళ్ళకి చుక్క లేదు. ఇంజనీరుగారు రమ్మంటున్నారు.

బస్సులో కుళాయి కిటికీ పక్కన కూర్చుని పైకే మాట్లాడుకుంటోంది. "వాల్వు విరిగిందా? విరిగితే కిందకీ రాకూడదే. పైపులో గాలి పట్టిందా?" నావైపు తిరిగింది. "నువ్వు పద్నాలుగూ తిప్పావుగా?"

"తిప్పాననే అనుకుంటున్నా."

"వీడియో ఉందిగా, లెక్కపెడదాం" అని లిస్టు ఫోన్ తీసింది. పైకీ కిందకీ వేలితో తోసింది. ఆగింది. "నేను తీసింది లేదే. మొత్తం ఇక్కడే ఉండాలి." మళ్ళీ వెతికింది. తర్వాత వెతకడం మానేసి నన్ను చూసింది. "మధ్యాహ్నం నా ఫోన్ నీ దగ్గరే కదా ఉంది?"

అబద్ధం ఆడటానికి కూడా కొంచెం సిగ్గు చావాలి. అప్పటికి నాకు అంత చావలేదు. మొత్తం చెప్పేశాను.

కుళాయి అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఎన్నింటికి చూశావ్?" అంది.

"పన్నెండుంపావుకి."

"ముప్పావుగంట టైముంది" అంది. "లెక్క తప్పినందుకు నాకేం లేదే. తాళం నీకిచ్చింది నేనేగా, సగం తప్పు నాది. తెలిసి కూడా నా పక్కన కూర్చుని పల్లీలు తిన్నావు చూడు. అది నాకు మింగుడు పడటంలేదు."

"ఇంజనీరుగారికి నేనే చెప్తాను. తిప్పింది నేనని, నీ తప్పు లేదని" అన్నాను.

"నోరు తెరిచావంటే చంపేస్తాను" అంది. ఆ మాట హాస్టల్లో రోజుకి పదిసార్లు అనేది. ఇప్పుడు అన్న తీరు వేరు. "లెక్క తప్పానంటే ఒక మెమో ఇస్తారు. తాళం బయటిమనిషి చేతికిచ్చానంటే ఇంటికి పంపిస్తారు. అర్థమైందా? అక్కడ నువ్వు గోడవి. ఊపిరి మాత్రం పీల్చుకో, చాలు."

ఆఫీసులో ఒక పొడుగు బల్ల, గోడకి ఊరి పైపుల పటం, బీరువా మీద తుప్పుపట్టిన మీటర్లు. ఇంజనీరు మెత్తటి మనిషి. కోపిష్టి అయినా నాకు కాస్త ఊరటగా ఉండేది.

"ఎవరు తిప్పారమ్మా?"

"నేనేనండి."

"ఎన్ని?"

"పది. లెక్క తప్పానండి."

"నువ్వా? లెక్క ఎలా తప్పావ్?"

"పక్కన మాట్లాడుతుంటే ధ్యాస పోయిందండి."

ఆయన మా ఇద్దర్నీ, మా సంచుల్నీ చూశాడు. "స్నేహితులొస్తే ఇంట్లో కూర్చోబెట్టుకోవాలి తల్లీ, వాల్వు దగ్గరకి తీసుకురాకూడదు. మీ నాన్న ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాడు. ఒక్కనాడు లెక్క తప్పలేదు. ఆయన కూతురివనే నీకు ఈ లైను ఇప్పించడానికి నేను పైవాళ్ళతో మాటలు పడ్డాను. ఆడపిల్ల ఏం తిప్పుతుందన్నారు. ఇప్పుడు వాళ్ళకి నేనేం చెప్పాలి?"

కుళాయి తలవంచుకుని నిలబడింది. ఆయన మాట్లాడిన ప్రతి మాటకీ నా దగ్గర జవాబుంది. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదటిసారి. గోడ మీద పటంలో నీలం గీతలు చూస్తూ నిలబడ్డాను.

ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. "ఒకటో తారీఖు ఆర్డరు ఆగిపోతుంది. మళ్ళీ ఆరు నెలలు, ఇవాళ్టి నుంచి. నా చేతిలో ఉన్నది అంతే. రేపు పొద్దున్న ఐదింటికి అరగంట మోటారు వేయిస్తాను, పైవరసకి వదులు."

ఆ సాయంత్రం మేం ముగ్గురం కింది వరసలో బతిమాలి నీళ్ళు పట్టుకుని, అరవై మెట్లెక్కి పైవరసకి మోశాం. ఇరవై ఆరిళ్ళకి ఇంటికి రెండు బకెట్లు. నా చేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ తిట్టలేదు, ఒకాయన తప్ప. ఆయన కూడా కుళాయినే తిట్టాడు. హెడ్మిస్ట్రెస్ బకెట్టు అందుకుంటూ, "ఫిర్యాదు రాయించింది నేను కాదమ్మా" అంది. "నాకు తెలుసండి" అంది కుళాయి. లోపలి గదిలోంచి తడిసిన బట్టల వాసన వస్తోంది. ఆవిడ నావైపు తిరిగి, పాపం ఊరు చూడ్డానికొచ్చి నువ్వు కూడా మోస్తున్నావా తల్లీ, అని నా భుజం తట్టింది. ఆ చెయ్యి నేను తోసేయలేదు. తోసేయాల్సింది.

ఇంటికెళ్ళేసరికి బాబాయిగారికి కబురు అందిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగం, ఆ ఊళ్ళో ఆయనకి ఫోన్ చేయనివాళ్ళెవరు? స్టూలు మీంచి కాళ్ళు దించి, నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"పద్నాలుగు దగ్గర ఎలా తప్పావే?"

"మాట్లాడుతూ తిప్పాను నాన్నా."

ఆయన కోప్పడలేదు. తన అరచేతులు రెండూ చూసుకున్నాడు. "ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పట్నించీ నీకు చెప్తున్నది ఆ ఒక్క ముక్కే కదే. నేను సరిగ్గా నేర్పలేదన్నమాట."

ఆ ఒక్క మాటకి నేను తట్టుకోలేకపోయాను. అంత పెద్దమనిషి, తప్పు తనమీద వేసుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. ఇది ఆఫీసు కాదు కదా, ఇల్లు కదా అనుకున్నాను. "అది కాదు బాబాయిగారూ. తిప్పింది నేను. లెక్క తప్పింది నేను. మీ అమ్మాయి తప్పు ఏమీ లేదు" అని గబగబా అనేశాను.

ఆయన నన్ను చూడలేదు. కూతురినే చూశాడు.

"తాళం పరాయి చేతికిచ్చావా?" అన్నాడు.

లెక్క తప్పడం ఆయన క్షమించగలిగేదే. చెయ్యన్నాక ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. తాళం ఇంకొకరికివ్వడం ఆయన దృష్టిలో అలాంటిది కాదు. నేను దాన్ని గట్టెక్కిస్తున్నాననుకుని, ఆఫీసులో అది దాచుకున్న ఒకే ఒక్క సంగతిని తీసుకొచ్చి తండ్రి ముందు పడేశాను. కుళాయి కళ్ళలో మొదటిసారి నీళ్ళు తిరిగాయి.

"నిన్నెవరడిగారే?" అంది నాతో. గొంతు పెంచకుండానే అంది. "చెప్పాల్సినప్పుడు చెప్పవు. ఇప్పుడెవరడిగారు నిన్ను?"

ఆ రాత్రి అన్నాలు తిన్నాం గానీ ఎవరం ఏం తిన్నామో ఎవరికీ తెలియదు. లిస్టు అందరికంటే ముందు లేచి గిన్నెలు కడిగింది.

పొద్దున్న ఐదింటికి కుళాయి ఒక్కతే వెళ్ళి పైవరసకి నీళ్ళు వదిలి వచ్చింది. మమ్మల్ని లేపలేదు. మా బస్సు ఏడింటికి. బాబాయిగారు గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, "మళ్ళీ రండమ్మా" అన్నాడు, ఇద్దరికీ కలిపి. మర్యాద తెలిసిన మనిషి. కుళాయి స్టాండు దాకా వచ్చి లిస్టు చెయ్యి పట్టుకుని, "మళ్ళీ రావే" అంది. నాతో, "నీ సంచి జిప్పు ఊడింది, చూసుకో" అంది. నిజంగానే ఊడింది.

తర్వాత నేను చాలా మెసేజులు పెట్టాను. క్షమించమని రాశాను, జోకులు రాశాను, ఒకసారి పేజీడు ఉత్తరమే రాశాను. "బాగున్నాను, పనిలో ఉన్నాను" అని జవాబొచ్చేది. తిరిగి నన్ను ఏమీ అడిగేది కాదు. దానిమీద నాకు కోపం రాలేదు. బాధ మాత్రం చాలా వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం లిస్టు ఫోన్ చేసింది. కుళాయికి పర్మనెంటు ఆర్డరు వచ్చిందట. మొదటి సెలవు కూడా మంజూరైందట. నాకు ఎంత సంతోషమైందంటే, మంచం మీంచి లేచి గది మధ్యలో నిలబడ్డాను.

"సముద్రానికి ఎప్పుడు బయల్దేరదాం? నా సెలవు కూడా రేపే పెట్టేస్తాను. ఎక్కడ దిగుదాం, దానికి కిటికీ సీటు ఇవ్వాలి..." అంటూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. అవతల లిస్టు ఏమీ మాట్లాడటంలేదని కాసేపటికి గానీ తెలియలేదు.

"మేమిద్దరం వెళ్తున్నామే" అంది.

జాగ్రత్తగా వెళ్ళిరండని చెప్పి ఫోన్ పెట్టేశాను.